పాప నిద్రపోతూనే రాత్రంతా గోల చేస్తోంది, నాకు నిద్ర లేదు (19 రోజుల పాప)

పవర్‌పేట బాలింత
శుక్రవారం, తెల్లవారుజాము 3:10

అందరికీ నమస్కారం. మా పాపకి ఇవాళ్టికి 19 రోజులు. మొదటి కాన్పు, పుట్టింట్లోనే ఉన్నాను, ఏలూరులో. ఇల్లు పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర, రాత్రంతా బళ్ళు పోతూనే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి గూడ్సు బండి కిటికీ రెక్కలు అదరగొట్టుకుంటూ పోయినా నాకు మెలకువ రాదు. కానీ మూడు కిలోలు కూడా లేని పిల్ల "ఇంహ్" అంటే చాలు, లేచి కూర్చుంటున్నాను.

ఏడుపు గురించి కాదండీ నేను అడిగేది. ఏడిస్తే ఏం చెయ్యాలో తెలుసు. పాలు పడతాం, గుడ్డ మారుస్తాం, భుజాన వేసుకుంటాం. ఇది కళ్ళు మూసుకుని చేసే గోల. ఏమేం చేస్తుందో అన్నీ రాస్తాను, నవ్వకండి. మొదట ఒళ్ళు విరుచుకుంటుంది. మొహం కందిపోయేలా ముక్కుతుంది, దొడ్డికి ముక్కినట్టే, గుడ్డ చూస్తే ఏమీ ఉండదు. తరవాత మేకపిల్లలా ఒక అరుపు. ముక్కులో గుర్రుగుర్రు, మా నాన్న పాత స్కూటరు చలికాలం పొద్దున కిక్కు కొట్టినట్టు. కాసేపు చప్పరిస్తుంది, నవ్వుతుంది, ఎక్కిళ్ళు తెచ్చుకుంటుంది. ఉన్నట్టుండి రెండు చేతులూ గాల్లోకి విసిరి ఉలిక్కిపడుతుంది.

ఆ తరవాత ఏ చప్పుడూ ఉండదు. అదే అన్నిటికన్నా ఘోరం. నాలుగైదు సెకన్లు పొట్ట కదలదు. నేను ఫోన్ లైటు వేసి, ముక్కు కింద వేలు పెట్టి చూసేసరికి గబగబా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

ఒక సంగతి చెప్పాలి. పుట్టగానే ఆయాసం ఉందని పాపని మూడు రోజులు పిల్లల ఐసీయూలో ఉంచారు. సిజేరియన్ పిల్లలకి ఊపిరితిత్తుల్లో నీరు ఆరడం కొంచెం ఆలస్యమవుతుందట, తగ్గిపోతుందన్నారు, తగ్గింది కూడా. అంతా బాగుందనే ఇంటికి పంపారు. కానీ అక్కడ పాప పక్కన స్క్రీన్ ఉండేది, అంకెలు కనపడుతూ ఉండేవి. ఇక్కడ నాకు చెవులు తప్ప ఏమీ లేవు.

మా అమ్మ "ఒళ్ళొచ్చే పిల్ల ముక్కుతుందే, పడుకో" అంటుంది. అని తను పడుకుంటుంది, రెండు నిమిషాల్లో గురక. అమ్మమ్మ ముక్కులో వెచ్చటి కొబ్బరినూనె చుక్క వెయ్యమంటోంది. మా ఆయన బెంగళూరు నుంచి శని, ఆదివారాలు వస్తాడు. పోయిన వారం వచ్చి, పొద్దున్నే లేచి, "ఎంత బుద్ధిగా పడుకుంటోందో" అన్నాడు. నేనేమీ అనలేదు. అంటే ఇంట్లో అందరూ లేచేవారు.

చప్పుడైన ప్రతిసారీ ఎత్తుకుంటున్నాను. ఎత్తాక ఏడుస్తుంది. పాలు పడితే రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుకుంటుంది. దింపితే మళ్ళీ మొదలు. కుట్లు ఇంకా లాగుతున్నాయి, లేవాలంటే పక్కకి ఒత్తిగిల్లి, మంచం పట్టీ పట్టుకుని లేవాలి. నిన్న రాత్రి లెక్కపెట్టాను, 17 సార్లు లేచాను. ఎల్లుండి బారసాల, ఇంటినిండా చుట్టాలు దిగుతారు.

ఇది మామూలేనా? మామూలే అయితే మీరంతా ఎలా పడుకున్నారు?


ఇందూరు అక్క
శుక్రవారం, ఉదయం 5:25

చెల్లె, స్కూటర్ ముచ్చటకు మస్తు నవ్విన, ఏమనుకోకు. మా పెద్దోడు బర్రెదూడ లెక్క మొత్తుకుంటుండె. ఇప్పుడు ఏడో తరగతి.

నీ లెక్కనే నేను గూడ కూత వినవడంగనే ఎత్తుకుంటుంటి. వాడేమో నిద్రల ఉన్నోడు. నేను ఎత్తంగనే లేస్తుండె, లేశి ఏడుస్తుండె. నేనేమో, సూడు ఏడుస్తుండు, ఎత్తుకున్నదే మంచిగయింది అనుకుంటుంటి. నెల రోజులు గట్లనే నడిచింది. వాణ్ణి లేపుతున్నది నేనే అని నాకు తెల్వనే తెల్వది.

మా అత్తమ్మ చెప్పింది. ఆమె ఐదుగురిని సాదింది. "కండ్లు తెరిశిండా? నోరు తెరిశి ఏడ్శిండా? లేకుంటే చెయ్యి వెట్టకు" అన్నది. చెప్పుడు అల్కగనే ఉంటది, చేతులు ఆగాలె గద. గందుకే ఎక్కాలు షురూ జేశిన. పదమూడో ఎక్కం నాకు బడిల ఎన్నడు రాలే. కూత వినవడంగనే పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెండ్ల ఇరవై ఆరు. పది దాకా పొయ్యేలోపల సగం సార్లు వాడే సప్పుడు బంద్ జేశి పండుకుంటుండె. ఎక్కం అయిపోయినంక గూడ కూత పెరిగితే అప్పుడు లేస్తుంటి. ఇప్పుడు నన్ను నడిజామున లేపి అడిగినా పదమూడో ఎక్కం చెప్త.

ఇంకోటి. ఉయ్యాల నీ దిండుకు ఆనిచ్చి పెట్టుకున్నవు గద? జర అవతలికి జరుపు.


వార్డు సిస్టర్, విశాఖ
శుక్రవారం, ఉదయం 6:05

అమ్మా, నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. ఇప్పుడే నైట్ డ్యూటీ దిగాను. నువ్వు రాసిన చప్పుళ్ళన్నీ ఒకే గదిలో పన్నెండు మంది పిల్లలు కలిపి చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. రాత్రంతా నేను విన్నది అదే.

పురిటి పిల్లలు రోజుకి 16 గంటల దాకా పడుకుంటారు. అందులో దాదాపు సగం పైపై నిద్ర, మనకి కలలొచ్చే రకం. రెప్పల కింద కళ్ళు తిరుగుతూ ఉంటాయి, కాళ్ళూ చేతులూ ఆడతాయి, ముక్కుతారు, నవ్వుతారు. ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది. పెద్దవాళ్ళం పడుకోగానే ముందు మొద్దు నిద్రలోకి పోతాం. వీళ్ళు ముందు ఈ పైపై నిద్రలోకే పోతారు. ఒక విడత గంటలోపే అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. అందుకే నీకు రాత్రంతా గోల చేస్తున్నట్టే ఉంటుంది. అప్పుడు ఎత్తితే నిద్రలోంచి లాగినట్టే, ఇందూరు అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

ఊపిరి ఆగడం సంగతి. ఐదు నుంచి పది సెకన్లు ఆగి, తరవాత గబగబా పీల్చుకోవడం ఈ వయసులో మామూలే. 20 సెకన్లు ఆగినా, అంతకన్నా తక్కువే ఆగి పెదాలూ నాలుకా నీలంగా మారినా, ఒళ్ళు వేలాడేసినా అది మామూలు కాదు. వెంటనే 108.

నీకు అంకెలు కావాలి కదా, ఇస్తాను. పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి జరిపి పొట్ట చూడు. గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయొద్దు, వీళ్ళ ఊపిరి ఒక తీరున ఉండదు కాబట్టి లెక్క తప్పుతుంది. 30 నుంచి 60 లోపు ఉంటే సరే. 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టు. రెండోసారీ అంతే వస్తే డాక్టరుకి చూపించాలి. రోజుకి ఒకటి రెండు సార్లు చాలు. గంటకోసారి లెక్కపెడుతూ కూర్చున్నావంటే మాత్రం ఇదింకో జబ్బు అవుతుంది.

ముక్కడం వేరు, మూలగడం వేరు. మీ పాప ముక్కుతోంది, అది వస్తుంది, పోతుంది. అలా కాకుండా ఊపిరి వదిలిన ప్రతిసారీ మూలుగు వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు ఉబ్బుతున్నా, పాలు సరిగ్గా తాగకపోయినా, తట్టి లేపితే తప్ప కదలకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా తీసుకెళ్ళు. చంకలో థర్మామీటరు పెడితే 37.5 సెంటిగ్రేడు, అంటే 99.5 ఫారెన్‌హీటు చూపించినా, దాటినా అంతే. 35.5 సెంటిగ్రేడు కంటే తగ్గి ఒళ్ళు చల్లబడినా అంతే. ఆయాసంతో పుట్టిన పిల్ల కాబట్టి నువ్వు అనవసరంగా ఒకసారి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. అంటే అననీ.

ముక్కులో నూనె మాత్రం వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా తెస్తుంది. మందుల షాపులో సెలైన్ చుక్కలు ఉంటాయి, పసిపిల్లలకి అని అడిగి తెప్పించు, ముక్కు మరీ బిగిసినప్పుడు పాలకి ముందు ఒక్కో చుక్క. స్నానం తరవాత సాంబ్రాణి పొగ వేస్తున్నారా? ఈ వయసులో ఊపిరి అంతా ముక్కుతోనే. ఆ దారి చాలా సన్నం, పొగకి లోపల కాస్త వాచినా నీ స్కూటరు స్టార్టయిపోతుంది. అమ్మమ్మకి చెప్పడం కష్టమని తెలుసు. "డాక్టరు వద్దన్నారు" అను. మా అత్తగారి దగ్గర నేనూ ఆ మాటే వాడాను, నర్సు మాట చెల్లలేదు మరి.

ఆశా వర్కరు వస్తున్నారా? ఆసుపత్రిలో పుట్టిన పిల్లల ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. వాళ్ళ సంచిలో గడియారం, థర్మామీటరు, తూకం ఉంటాయి. ఈసారి వచ్చినప్పుడు ఆవిడ చేత కూడా ఊపిరి లెక్కపెట్టించు, బరువు చూపించు.

నాదో ప్రశ్న. పాప చప్పుడు చెయ్యకుండా పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?


పవర్‌పేట బాలింత
శుక్రవారం, ఉదయం 6:40

సిస్టర్ గారూ, మీ ఆఖరి ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఇప్పుడు మళ్ళీ తీశాను.

పట్టట్లేదండీ. నిన్న మధ్యాహ్నం అమ్మ పాపని ముందు గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. రెండు గంటలు. నేను ఫ్యాను చూస్తూ పడుకున్నాను. పాప అరిచిందనుకుని రెండుసార్లు వెళ్ళి చూశాను, అరవలేదు.

పొగ వేస్తున్నారు, అవును, పొద్దునా సాయంత్రమూ. ఇందూరు అక్కా, ఉయ్యాల దిండుకి ఆనించే ఉంది. మీకెలా తెలిసిందో.


వార్డు సిస్టర్, విశాఖ
శుక్రవారం, ఉదయం 6:52

నేను అనుకున్నాను. అయితే ఇక్కడ చూసుకోవాల్సిన మనుషులు ఇద్దరు, పాపా నువ్వూ. పిల్ల పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఎంత చెప్పినా భయం వదలకపోవడం కాన్పు తరవాత చాలామందికి వస్తుంది. దానికి వైద్యం ఉంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి కూడా డాక్టరుకి చెప్పు, పాపకి తోడుగా నువ్వూ పేషెంటువే. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ఫోన్ లైను, ప్రభుత్వం వాళ్ళది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పాపనో నన్నో ఏమైనా చేసేసుకుంటానేమో అన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆగకు, ఆ నిమిషమే అమ్మని లేపు.

ఇక నేను పడుకుంటాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.


ఫ్రిస్కో అమ్మ
శుక్రవారం, ఉదయం 9:15

హాయ్ అండీ, టెక్సస్ నుంచి. మాకు కాన్పప్పుడు అమ్మ గానీ అత్తగారు గానీ రాలేకపోయారు, ఇద్దరమే. మాకు పనికొచ్చినవి రాస్తాను.

ఇక్కడ పిల్లల డాక్టర్లు కనీసం మొదటి 6 నెలలు పాప మన గదిలోనే ఉండాలి, కానీ మన పక్కలో కాదు, తనకంటూ వేరే తొట్టిలో ఉండాలి అంటారు. మన గదిలో అంటే మన చెవిలో అనుకున్నాను నేను. తొట్టి మంచానికి ఆనించి మూడు వారాలు గడిపాను. ఒకరోజు మావారు దాన్ని అవతలి గోడ దాకా నెట్టేశారు. నేను ఏడ్చి గోల చేశాను, మీరు నా బిడ్డని దూరం చేస్తున్నారని. ఆ రాత్రి ముక్కడాలూ చప్పరింపులూ నాకు వినపడలేదు. ఏడుపు వినపడింది. నాకు వినపడాల్సింది ఆ ఒక్కటే.

తరవాతది వంతులు. పాలిచ్చే తల్లికి రాత్రంతా నిద్ర అంటే కుదరదు, రెండు మూడు గంటలకోసారి లేవాల్సిందే. కానీ లేచి, పాలిచ్చి, పిల్లని చేతికిచ్చేసి వేరే గదిలో పడుకోవడం ఒక రకం. తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, ప్రతి చప్పుడుకీ చెవి పెట్టుకుని కూర్చోవడం ఇంకో రకం. ఆ రెండోది రాత్రి 9 నుంచి 2 దాకా మావారిది, తరవాత నాది. మీ అమ్మగారు గురక పెడతారన్నారు కదా, పాప ఏడిస్తే లేస్తారా? లేస్తే ఆవిడే సరైన మనిషి. చిన్న చప్పుళ్ళకి లేవనివాళ్ళే ఈ డ్యూటీకి కావాలి.

వైట్ నాయిస్ మిషన్, అంటే ఆగకుండా ఫ్యాను హోరులాంటి చప్పుడు చేసేది, కొన్నాం, సన్నగా పెట్టి, ఏడడుగుల అవతల ఉంచమన్నారు. మీరు కొనకండి, మీకు ఫ్యానుంది, రైల్వే వాళ్ళు ఉన్నారు.

ఉయ్యాల్లో ఆవాల దిండు, చుట్టూ బొంతలు ఉంటే తీసేయండి. వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టాలి, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992 నుంచీ బోర్లా వద్దనే చెబుతోంది. మా అమ్మ తల గుండ్రంగా రావాలని ఇండియా నుంచి వస్తున్నవాళ్ళ చేతికిచ్చి మరీ ఆవాల దిండు పంపింది. విప్పి పోపులోకి వాడేశాను. ఆవిడ ఇవి చదవదని నమ్మకం.


కడప నాన్న
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

అందరూ మామూలే అంటున్నారు, నిజమే అయ్యుంటుంది. మావాడిది కాలేదు కాబట్టి రాస్తున్నా.

వాడికి ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని సన్నగా ఒక కూత వచ్చేది. రెండో వారంలో మొదలైంది. వెల్లకిలా ఉంటే ఎక్కువ, ఏడ్చినా పాలు తాగినా ఇంకా ఎక్కువ. నిద్రలోనే కాదు, మెలకువగా ఉన్నా ఉండేది. మీ పాపది అలా ఉందేమో ఒకసారి గమనించండి. ఉంటే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టరు ముందుకెళ్ళేసరికి వీళ్ళు మౌనవ్రతం పడతారు. మా వీడియో చూసి ఈఎన్‌టీ దగ్గరికి పంపారు, ఆయన ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పోనిచ్చి చూశారు. లారింగోమలేషియా అని పేరు చెప్పారు. గొంతు పైభాగం మెత్తగా ఉండి, ఊపిరి తీసినప్పుడు లోపలికి వాలుతుందంట. బరువు బాగా పెరుగుతున్నాడు కాబట్టి ఏమీ చెయ్యొద్దు, కనిపెట్టి ఉండండి అన్నారు. ఏడాదిన్నరకి దానంతటదే పోయింది.

ఇప్పుడు మూడేళ్ళు. ఇప్పుడొచ్చే చప్పుడుకి ఏ డాక్టరూ లేడు.


పవర్‌పేట బాలింత
మంగళవారం, తెల్లవారుజాము 2:25

అందరికీ ఒకేసారి రాస్తున్నాను, ఏమనుకోకండి.

బారసాల బాగా జరిగింది. ఆదివారం హడావుడి ఉంటుందని ఆశా వర్కరు శనివారమే వచ్చారు. ఊపిరి నిమిషానికి 44. నేను లెక్కపెట్టినప్పుడు 46 వచ్చింది, ఆవిడ నవ్వి రెండూ సరైనవే అన్నారు. పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు, ఇప్పుడు 2 కిలోల 850. కడప నాన్నగారూ, రెండు రోజులు కనిపెట్టి చూశాను, మెలకువగా ఉన్నప్పుడు ఏ కూతా లేదు. ముక్కు గుర్రు కూడా పొగ మానేశాక కొంచెం తగ్గింది.

పొగ మానడం అంత తేలిగ్గా కాలేదు లెండి. "డాక్టరు వద్దన్నారు అమ్మమ్మా" అన్నాను. "ఏ డాక్టరే? నువ్వు గడప దాటి ఎన్నాళ్ళయిందని?" అంది. ఫోన్లో అన్నాను. నమ్మలేదు, కానీ ఊరుకుంది. ఇప్పుడు సాంబ్రాణి నా జుట్టుకి మాత్రమే, పెరట్లో. నూనె చుక్క సంగతి అమ్మ చూసుకుంది, ఏం చెప్పిందో నాకు తెలీదు, గిన్నె మాత్రం మళ్ళీ కనపడలేదు.

ఉయ్యాల బీరువా పక్కకి పోయింది. మొదటి రాత్రి నేనే లేచి నాలుగుసార్లు వెళ్ళి చూసొచ్చాను, చప్పుడు లేకపోయినా. రెండో రాత్రి ఎక్కం మొదలెట్టాను. చప్పుడయింది 15 సార్లు, ఎక్కం పూర్తయ్యేలోపు తనే ఊరుకుంది 9 సార్లు. లేచింది 6 సార్లు, అందులో నిజంగా ఆకలి నాలుగు.

శనివారం రాత్రి పది నుంచి రెండు దాకా వంతు మా ఆయనది. నేను పాలిచ్చి ముందు గదిలో అమ్మమ్మ పక్కన పడుకున్నాను. పొద్దున చూస్తే మనిషి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా. "ఇది అసలు పడుకోదా?" అన్నాడు. అంత హాయైన మాట నాకు పెళ్ళయ్యాక ఎవరూ చెప్పలేదు.

సిస్టర్ గారూ, నిద్ర కొంచెం మెరుగు. మధ్యాహ్నం ఒక గంట పడుతోంది. నిశ్శబ్దంగా ఉంటే భయం మాత్రం అలాగే ఉంది. గురువారం కుట్లు చూపించుకోవడానికి వెళ్తున్నాను. చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకున్నాను, లేకపోతే డాక్టరమ్మ ఎలా ఉన్నావమ్మా అనగానే బాగానే ఉన్నానండీ అనేస్తాను. 14416 నంబరు అమ్మ ఫోన్లో కూడా వేశాను.

బీరువా పక్కన మేకపిల్ల మొదలెట్టింది. ఇందూరు అక్కా, పదమూడోది అయిపోయింది, పదిహేడులో ఉన్నాను. పదిహేనుదాకా బళ్ళో వచ్చినవే కాబట్టి అవి చెబుతుంటే మెలకువ ఉండట్లేదు.

పదిహేడు ఐదులు ఎనభై ఐదు. పదిహేడార్లు నూటరెండు.

ఊరుకుంది.